రికార్డు ఉంటే చాలు

పై నుంచి ఆర్డరు వచ్చింది కదా. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆడియోలు వినిపించి, ఎదుటివాణ్ణి ఒప్పించే వ్యాసాలు వాళ్ళచేత రాయించాలట. తెలుగు మాస్టార్లూ, మేడంగార్లూ, కంగారు పడకండి. మన చేతికొచ్చిన బోధన సామగ్రిలో ఇంత సుఖమైనది మరొకటి లేదు. బోర్డు మీద రాస్తే చెయ్యి లాగుతుంది. పాఠం చెబితే గొంతు పోతుంది. ఆడియో అయితే ఒక్క వేలు చాలు, అదీ పీరియడుకి ఒకసారే.

ఒప్పించే వ్యాసం రాయాలంటే పిల్లవాడు నాలుగు పనులు చెయ్యాలి. ఏదో ఒక పక్షం పట్టాలి, ఎందుకో చెప్పాలి, రుజువు చూపాలి, కాదనేవాడికి జవాబివ్వాలి. ఆడియోని తెలివిగా వాడితే ఈ నాలుగూ వాడికి తప్పుతాయి. వాడికి తప్పితే దిద్దే బాధ మీకూ తప్పుతుంది. కింది సూచనలు పాటిస్తే సంవత్సరం చివరికి మీ దగ్గర బోలెడన్ని ఫైళ్ళుంటాయి, వ్యాసం మాత్రం ఒక్కటీ ఉండదు.

1. పీరియడంత పొడుగున్న రికార్డు ఎంచుకోండి.

నలభై అయిదు నిమిషాల పీరియడుకి నలభై మూడు నిమిషాల ప్రసంగం శ్రేష్ఠం. మిగిలిన రెండు నిమిషాలూ హాజరుకి. ముందుగా మీరు వినకండి. వింటే అభిప్రాయం ఏర్పడుతుంది, అభిప్రాయం ఏర్పడితే మాట్లాడాలనిపిస్తుంది. ఇక మధ్యలో ఆపడమనే చెడ్డ అలవాటు అస్సలు వద్దు. కొందరు కుర్ర టీచర్లు రెండు నిమిషాలు వినిపించి ఆపేస్తారు. “ఇప్పుడీయన మననేం చెయ్యమంటున్నాడు? ఎందుకు చెయ్యమంటున్నాడు? ఆ ‘ఎందుకు’ నీకు సరిపోయిందా?” అని అడుగుతారు. ఆ రెండు నిమిషాలే మళ్ళీ వినిపించి, ఈసారి కారణం వినబడగానే పుస్తకంలో టిక్కు పెట్టమంటారు. అలా చేసిన క్లాసులో పిల్లలు చేతులెత్తడం మొదలుపెడతారు. ఎత్తిన చేతుల్ని దింపడానికి ఎంత టైము పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

2. సౌండు వెనక బెంచీ దాకా వెళ్ళకూడదు.

హెచ్చెమ్ గారి బీరువాలో బ్లూటూత్ స్పీకరొకటి ఉంటుంది. అది పంద్రాగస్టుకి. దాన్ని అడిగితే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, పోతే మీరే కొనివ్వాలి. గోడకున్న పెద్ద ప్యానెల్ ఆన్ చేస్తే పిల్లలు వీడియో పెట్టమంటారు. కాబట్టి మీ ఫోనే వాడండి. స్టాఫ్‌రూమ్ నుంచి స్టీలు గ్లాసు తెచ్చి అందులో నిలబెట్టండి. సౌండు పెరుగుతుంది, మాట మాత్రం తెలియదు. పైన ఫ్యాన్లు తిరగనివ్వండి. వెనక కూర్చున్నవాళ్ళు “వినబడట్లేదండీ” అంటే, “శ్రద్ధ ఉంటే వినబడుతుంది” అనండి. ఈ వాక్యానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

3. లేని గొంతులు వినిపించండి.

ఇది ముఖ్యమైనది, కాస్త వివరంగా చెబుతాను.

వాట్సాప్‌లో ఒక ఆడియో తిరుగుతూ ఉంటుంది, వివేకానందుడు చికాగోలో మాట్లాడిన ఒరిజినల్ అని. 1893 సెప్టెంబరు 11 నాటి ఆ సభలో ఆయన మాటల్ని రికార్డు చేసినవారెవరూ లేరు. ఆ గొంతు తర్వాతెవరో చదివినది. మీరు మాత్రం ఒరిజినల్ అనే చెప్పండి, కళ్ళు మూసుకుని వినమనండి. అలాగే లింకన్. ఆయన గెటిస్‌బర్గ్ ప్రసంగం 1863 నవంబరు 19న జరిగింది. ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టింది 1877లో. అయినా ఇంటర్నెట్‌లో వెతికితే లింకన్‌గారూ దొరుకుతారు. వాదనకు మొదటి మెట్టు ఆధారం నిజమో కాదో చూసుకోవడం. ఆ మెట్టు తీసేస్తే పైన మెట్లతో పనే లేదు. ఎవడైనా చురుకైనవాడు లేచి “అప్పటికి మైకు లేదు కదండీ” అంటే, వాణ్ణి సైన్సు మాస్టారి దగ్గరికి పంపండి.

నిజంగా ఉన్న గొంతుల జోలికి వెళ్ళకండి, వాటితో చాలా ప్రమాదం. గాంధీగారి గొంతు 1931లో లండన్‌లో గ్రామఫోను మీదికెక్కింది. 1947 నవంబరు 12న ఆయన ఢిల్లీ ఆకాశవాణి నుంచి కురుక్షేత్రంలో ఉన్న శరణార్థులతో మాట్లాడారు. అది విన్న పిల్లవాడికి చప్పున తడుతుంది: ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళతో ఈయన ఇంత మెల్లగా ఎందుకు మాట్లాడుతున్నాడు, కేకలెయ్యలేదేం? ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని మాట ఎంచుకోవాలని వాడికి అర్థమైపోతుంది. ఆ తర్వాత వాడి వ్యాసం మీ గైడులో ఉన్న వ్యాసంలా ఉండదు.

అంతకన్నా ప్రమాదం మార్టిన్ లూథర్ కింగ్. 1963 ఆగస్టు 28, వాషింగ్టన్, సుమారు పదిహేడు నిమిషాలు. కల గురించి చెప్పిన భాగం ఆయన రాసి తెచ్చుకున్న కాగితంలో లేదు. ఒకే మొదలుతో వాక్యం మీద వాక్యం అందుకుంటూ పోతాడు. పొరపాటున అచ్చులో ఉన్న ప్రసంగాన్ని పిల్లల చేతికిచ్చి, ఆడియో వింటూ గీతలు పెట్టమన్నారో, గొడవే. “చెవికి ఇంత బాగున్నది, కాగితం మీద చదివితే అదే మాట మళ్ళీమళ్ళీ అన్నట్టుందేంటండీ?” అంటారు. మాటకీ రాతకీ తేడా ఎక్కడుందో పిల్లలే పట్టేస్తే మనం చెప్పడానికేం మిగులుతుంది? మరీ తప్పనిసరైతే నెహ్రూగారి 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ప్రసంగం పెట్టండి. ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం చెప్పకండి, లేచి నిలబడి వినమనండి. నిలబడ్డవాడు రాయలేడు.

4. ఉల్లిపాయల ఆటో వస్తే కిటికీలు మూసెయ్యండి.

మీ బడి పక్క వీధిలోకి రోజూ ఒక ట్రాలీ ఆటో వస్తుంది. ముందు మైకు కట్టి, రికార్డు చేసిన గొంతొకటి తిప్పుతుంటాడు. “రండమ్మా రండి, ఎర్ర ఉల్లిపాయలు, నాలుగు కేజీలు వంద. బజార్లో మూడు కేజీలే. పొద్దున్నే దిగిన సరుకు, తడి లేదు, మీరే ఏరుకోండి. ఇంకో పది నిమిషాల్లో వెళ్ళిపోతుంది.” ఇరవై సెకన్ల ముక్క. అందులో ఏం కావాలో ఉంది, ఎందుకు కొనాలో ఉంది, పోల్చి చూపిన లెక్క ఉంది. తడి ఉంటుందేమోనన్న అనుమానానికి అడక్కముందే జవాబుంది. నమ్మకపోతే మీరే ఏరుకోవచ్చన్న హామీ కూడా ఉంది. ఆ పది నిమిషాల బెదిరింపు శుద్ధ అబద్ధమని తొమ్మిదో తరగతి పిల్ల కూడా చెప్పగలదు, ఎందుకంటే ఆ ఆటో గంట తర్వాత కూడా చింతచెట్టు కిందే ఉంటుంది.

ఒప్పించడంలో ఏది కారణం, ఏది మాయమాట అన్న తేడా నేర్పడానికి ఇంతకు మించిన ఆడియో లేదు. అందుకే క్లాసులోకి రానివ్వకండి. ఎవరైనా పిల్లవాడు దాన్ని ఫోనులో పట్టుకొస్తే, “ఇది బడా, సంతా?” అనండి. సాహిత్యం పరువు కాపాడినట్టుంటుంది.

5. వ్యాసాన్ని ఫోనుకే రాయనివ్వండి.

ఇప్పుడు తెలుగులో నోటితో చెబితే ఫోను టైపు చేసి పెడుతుంది. పిల్లలకు ఈ సంగతి మీకన్నా ముందే తెలుసు. మీరు ఊరుకుంటే చాలు. వాడు మంచమ్మీద పడుకుని చెబుతాడు, అది రాసుకుంటుంది. చుక్కలు పడవు, కామాలు పడవు, పేజీ మొత్తం ఒకటే వాక్యం. దాన్ని “ధారాశుద్ధి” అని మెచ్చుకోండి. “మా వాదన” అన్నది “మా వేదన” అని పడుతుంది. దిద్దకండి, చదివితే అదే సరైన మాట అనిపిస్తుంది. చెప్పినదాన్ని మొదటి చిత్తుగా పెట్టుకుని కూర్చుని తిరగరాయించే మాస్టార్లూ ఉన్నారు. నోటి వెంట వచ్చిన పది వాక్యాల్లో మూడే పనికొస్తాయని పిల్లలచేత కొట్టేయిస్తారు. కొట్టేస్తే వ్యాసం పొట్టిదైపోదూ? పేజీలు లెక్కపెట్టి మార్కులేసే మనకి అది గిట్టుబాటు కాదు.

6. పిల్లవాడి చేత సొంత వ్యాసం చదివించి రికార్డు చేయించకండి.

ఇది అన్నిటికన్నా పెద్ద ముప్పు. తను రాసినదాన్ని తన గొంతుతోనే విన్న పిల్లవాడు ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు. “చెట్లు ఆక్సిజన్ ఇస్తాయి. అందువల్ల మనం దేశాన్ని ప్రేమించాలి.” రాస్తున్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. చెవిలో పడేసరికి ఆ “అందువల్ల” దగ్గర వాడికే నవ్వొస్తుంది. అడక్కుండానే పెన్ను తీసి కొట్టేస్తాడు. మీ ప్రమేయం లేకుండానే పిల్లవాడు బాగుపడ్డమంటే ఉద్యోగానికే ఎసరు.

కాబట్టి ఇలా చెయ్యండి. ప్రార్థనలో దేశభక్తి గీతం పాడే అమ్మాయి ప్రతి బడిలోనూ ఒకతి ఉంటుంది. అందరి వ్యాసాలూ ఆ అమ్మాయితోనే చదివించి రికార్డు చెయ్యండి. ఆ గొంతులో ఏ చెత్తయినా శ్రావ్యంగానే ఉంటుంది. తప్పనిసరై ఎవడి గొంతు వాడే వినాల్సి వస్తే, మీరు ఉచ్చారణ మీద పడండి. “శాంతి, సాంతి కాదురా. ప్రభావం, ప్రబావం కాదు.” శ, ష, స, ఒత్తులు చాలు, పీరియడు గడిచిపోతుంది. వాదన ఊసెత్తకండి.

7. దిద్దుబాటు వాయిస్ మెసేజ్‌తో కానివ్వండి, అదీ ఒక్కటే.

ఎర్రపెన్ను కాలం పోయింది. నోట్సులు మొయ్యక్కర్లేదు. ఒకే మెసేజ్ రికార్డు చేసి పెట్టుకోండి: “బాగా రాశావు నాన్నా, ఇంకా బాగా రాయాలి, దస్తూరి చూసుకో.” క్లాసులో ఎంతమందుంటే అంతమందికీ ఫార్వర్డ్ చెయ్యండి. పేరు చెప్పకండి, పేరా చెప్పకండి. ఆడపిల్లలకు కూడా నాన్నా అనే అంటాం కాబట్టి ఇబ్బంది లేదు. వెనక కుక్కర్ విజిల్ పడనివ్వండి, మాస్టారు రాత్రి కూడా కష్టపడుతున్నారని తల్లిదండ్రులు అనుకుంటారు.

పక్క బడిలో ఎవరో రెండేసి నిమిషాలు విడివిడిగా రికార్డు చేసి పంపుతున్నారని వింటాం. “రెండో పేరాలో బస్సు లేదన్నావు, మరి ఆడపిల్లలు చదువు మానడానికి అదొక్కటే కారణమా? కాదనేవాడు ఏమంటాడో ఒక్క వాక్యం రాసి పంపు” అంటారట. అలాంటివాళ్ళతో కాంప్లెక్స్ మీటింగులో ఒకే బెంచీ మీద కూర్చోకండి. ఎంఈవోగారు పోల్చి చూస్తారు.

పిల్లలు మీ మెసేజ్‌ని రెట్టింపు స్పీడులో వింటారు. విననివ్వండి. ఏ స్పీడులో విన్నా నష్టపోయేదేమీ లేకుండా మాట్లాడ్డం ఒక కళ.

8. ఎవరూ కాదనలేని విషయమే ఇవ్వండి.

చెట్లు నాటాలి. పరిశుభ్రత పాటించాలి. తల్లిదండ్రుల్ని గౌరవించాలి. నాటకూడదనేవాడు ఈ భూమ్మీద లేడు, అంచేత ఒప్పించే పని కూడా లేదు. మధ్యాహ్న భోజనంలో రాగిజావ పొద్దునివ్వాలా, భోజనంతో ఇవ్వాలా? ఆటల పీరియడుని లెక్కల మాస్టారు లాక్కోవచ్చా? ఇలాంటివి పొరపాటున కూడా ఇవ్వకండి. పిల్లలకు వీటి మీద అభిప్రాయాలున్నాయి, ఆధారాలున్నాయి, లెక్కల మాస్టారి మీద తారీఖులతో సహా ఉన్నాయి.

శాస్త్రీయంగా కనబడాలంటే న్యాయశాస్త్రం పట్టుకోండి. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. ఈ అయిదింటినీ మీ గొంతుతో రికార్డు చేసి రోజూ పొద్దున వినిపించండి, కంఠతా పట్టించండి. కానీ వాటిని దేనికీ అన్వయించనివ్వకండి. పూర్వపక్షం అన్న మాట మార్కుల ప్రశ్నగా మాత్రమే తెలియాలి. అవతలివాడి మాటను వాడికన్నా బాగా చెప్పి ఆ తర్వాత ఖండించడమని చెబితే, పిల్లలు ఇంట్లో నాన్నలతో మొదలుపెడతారు. ఆ నాన్నలు మీ దగ్గరికే వస్తారు.

9. ముగింపు ఒకటే రికార్డు చేసి పెట్టుకోండి.

“కావున ఏదైనా మితంగా వాడుకుంటే మేలు, అతిగా వాడితే కీడు.” సెల్‌ఫోనుకి సరిపోతుంది, టీవీకి, ఎరువులకి, సోషల్ మీడియాకి సరిపోతుంది. వరకట్నానికి అతకదనుకోండి, అయినా పిల్లలు అతికిస్తారు. ఏ పక్షమూ పట్టకుండా రెండు పక్షాల మార్కులూ తెచ్చే వాక్యం ఇదొక్కటే.

10. వాదోపవాదాల రికార్డింగు.

క్లాసుని రెండు జట్లు చెయ్యండి, మధ్యలో ఫోను పెట్టండి, బయటికెళ్ళి టీ తాగి రండి. బాగా అరిచిన జట్టు గెలిచినట్టు. తర్వాత దాన్ని వినిపించి, ఎవరు కారణం చెప్పారో, ఎవరు వెక్కిరించారో విడదీసి రాయమనకండి. బుర్రకథలో వంతలు కథకుణ్ణి ఆపి ప్రశ్నలేస్తారు, హాస్యగాడొకవైపు, రాజకీయం మాట్లాడేవాడొకవైపు. అలా ఆపి అడగడం మన జానపద కళలోనే ఉందని ఎవరైనా గుర్తు చేస్తే, ఉగాదికి ప్రోగ్రాం పెడదామని చెప్పి దాటెయ్యండి.

11. ఫొటో మరచిపోవద్దు.

ఒక ఇయర్‌ఫోన్ తీగ, నలుగురు పిల్లలు, తలలు దగ్గరగా. ఫోన్‌లో ఏదీ మోగనక్కర్లేదు. ఫొటో తియ్యండి, తేదీ కనబడేలా బోర్డు వెనకుండాలి. లెసన్ ప్లానులో “శ్రవణ నైపుణ్యం ద్వారా స్వీయరచన” అని రాయండి. ఫైళ్ళకు పేర్లు పెట్టకండి. “కొత్త రికార్డింగ్ 27” అని ఉంటే తనిఖీకి వచ్చినవారు తెరవరు. తెరిస్తే “నెట్ లేదండీ” అనండి. ఫోనులోనే ఉన్నదానికి నెట్ ఎందుకని అడిగేంత తీరిక వాళ్ళకుండదు, ఇంకో రెండు బళ్ళు చూడాలి.

12. ఇన్ని చేసినా ఒకడు తప్పించుకుంటాడు.

చివరి బెంచీవాడై ఉంటాడు. స్వచ్ఛత మీద వ్యాసం ఇస్తే గైడులోంచి దించి, అందులోనూ రెండు లైన్లు వదిలేసినవాడు. ఒక గురువారం రాత్రి క్లాసు గ్రూపులో వాయిస్ పెడతాడు. వెనక గేదె అరుస్తూ ఉంటుంది. “మాస్టారూ, శనివారం స్టడీ అవర్ అయిదున్నరకే వదిలెయ్యాలండి. మా ఊరికి ఆఖరి బస్సు ఆరింటికండి. అది పోతే ముగ్గురం ఆటోకి తలా ఇరవై పెట్టాలండి, పోయిన వారం అలాగే పెట్టాం. సిలబస్సు వెనకబడుతుందంటారేమో, పొద్దున్న బస్సు మమ్మల్ని ఏడున్నరకే దింపేస్తుందండి, ఆ అరగంటా అప్పుడే కూర్చుంటాం. కావాలంటే డ్రైవర్ని అడగండి.”

వెంటనే పని చెయ్యండి. గ్రూపు అడ్మిన్ మీరే కాబట్టి అందరికీ కనబడకుండా డిలీట్ కొట్టండి. మిగతా పిల్లలు వినకముందే అయిపోవాలి. మర్నాడు వాణ్ణి నిలబెట్టి, గ్రూపులో వాయిస్‌లు పెట్టకూడదని రూలు చెప్పండి. వాడి నోట్సులో స్వచ్ఛత వ్యాసం కింద “భావవ్యక్తీకరణ శూన్యం” అని రాసి సంతకం పెట్టండి.

శనివారం మాత్రం అయిదున్నరకే వదిలెయ్యండి, వాడు చెప్పినదాంట్లో తప్పేం లేదు. కారణం అడిగితే మీకు తలనొప్పిగా ఉందని చెప్పండి.